పదకొండేళ్ల తర్వాత మళ్లీ గడ్డా?

మా నాన్నకి పదకొండేళ్ల కిందట జీర్ణాశయంలో జిస్ట్ (జీర్ణనాళం గోడలో పుట్టే ఒక రకం క్యాన్సర్) గడ్డ తీసేశారు, ఐదేళ్లు స్కాన్లు క్లీన్‌గా వచ్చేసరికి ఇక పోయిందిలే అని మేమే మానేశాం, ఇప్పుడేమో లివర్‌లో మచ్చలంటున్నారు. చెన్నైలో ఉంటున్నాం, ఒకటే టెన్షన్. ఇన్నేళ్లకి కూడా వస్తుందా?

జవాబు: వస్తుందండీ. జిస్ట్ పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టొచ్చు, ఎక్కువగా లివర్‌లోనో పొట్టలో అవయవాల్ని కప్పి ఉండే పొర (పెరిటోనియం) మీదో. ముందు బయాప్సీతో అదేనా కాదా తేల్చుకోండి. పాత ఆపరేషన్ బ్లాకులు (అప్పుడు తీసిన గడ్డ ముక్కల్ని మైనంలో దాచి ఉంచినవి) కూడా అడగండి, దొరికితే మీ అదృష్టం.

ఇంకొకరు: మా అత్తయ్యకీ ఇంతే. మామూలు కీమో దీనికి పెద్దగా పనిచేయదు. మ్యుటేషన్ టెస్ట్ (గడ్డలో ఏ జన్యుమార్పు ఉందో చూసేది) చూశాక ఇమాటినిబ్ అనే మాత్ర రోజుకి 400 మి.గ్రా. ఇచ్చారు, కళ్ల చుట్టూ వాపు తప్ప బాగానే ఉన్నారు. జనరిక్ అడగండి.

అడిగినవారు: బ్లాకులు దొరికాయి! సోమవారం అడయార్ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తున్నాం.