అప్‌డేట్: ఫిన్స్ వేసుకుంటే పిక్కలు పట్టేస్తున్నాయని అడిగాను కదా

అండమాన్‌లోని హావ్‌లాక్‌లో స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేయబోతున్నానని, ఫిన్స్‌తో (ఈతకు పాదాలకు తొడుక్కునే రెక్కలు) ఈదితే పిక్కలు పట్టేస్తున్నాయని, కాళ్లకు ఏ వ్యాయామాలు మంచివో చెప్పమని అడిగాను. కోర్సు పూర్తయింది, డైవర్ సర్టిఫికెట్ కార్డు వచ్చింది!

ఎక్కువమంది స్క్వాట్స్ (గుంజీళ్ల లాంటివి), లంజెస్ (ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచడం) చేయమన్నారు. చేశాను. నిజం చెప్పాలంటే అవి నీళ్లలో కన్నా ఒడ్డునే ఎక్కువ పనికొచ్చాయి. బరువైన గాలి సిలిండర్ వీపున, బరువుల బెల్టు నడుముకు పెట్టుకుని ఇసుకలో నడవాలి మరి.

నీళ్లలో తేడా తెచ్చింది మాత్రం తుంటి నుంచి కాలు ఆడించడం. మోకాళ్లు మడిచి సైకిల్ తొక్కినట్టు తంతే భారమంతా పిక్కల మీదే పడుతుంది. అందుకే బోర్లా పడుకుని మోకాలు వంచకుండా ఒక్కో కాలూ పైకెత్తడం, మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు మెల్లగా కిందికి దించడం రోజూ చేశాను. పూల్‌లో గోడ పట్టుకుని ఫిన్స్‌తో కిక్ ప్రాక్టీస్ చేస్తూ పక్కవాళ్ల చేత తిట్లు కూడా తిన్నాను, అది వేరే సంగతి.

కోర్సులో పెట్టే 200 మీటర్ల ఈత పరీక్ష పెద్దగా ఆయాసం లేకుండానే అయిపోయింది. ఒక డైవ్‌లో ఎడమ పిక్క పట్టేసింది కానీ టెన్షన్ పడలేదు. ఫిన్ కొన పట్టుకుని నా వైపు లాగుతూ కాలు చాపితే కాసేపటికి వదిలేసింది.

ఇక కప్పలా కాళ్లు పక్కలకు తన్నే ఫ్రాగ్ కిక్ నేర్చుకోవాలి. తొడ లోపలి కండరాలకు ఏం చేస్తున్నారో తెలిసినవాళ్లు చెప్పండి.