కంటిలోని నలుసా, నుసుమా?

'చెప్పులోని రాయి చెవిలోని జోరీగ' అనే వేమన పద్యంలో రెండో పాదం నిన్నటి నుంచి బుర్ర తొలుస్తోంది. అందరం చదువుకున్నది 'కంటిలోని నలుసు కాలి ముల్లు'. మా అమ్మమ్మ మాత్రం 'కంటిలోని నుసుము' అనేది. నుసుము అంటే కళ్ళ చుట్టూ ముసిరే చిన్న ఈగ. ఈ పాఠం ఇంకెవరైనా విన్నారా?

— వినలేదు గానీ గణాలు సరిపోయాయి. నలుసు, నుసుము రెండూ నగణాలే. యతి కం-కా మధ్య కాబట్టి దానికీ ఢోకా లేదు.

— ఛందస్సు ఒప్పుకుంటే పాఠం అయిపోదండీ. పై పాదంలో జోరీగ ఉండగా వెంటనే ఇంకో ఈగను తెస్తాడా వేమన? రాయి, నలుసు, ముల్లు అన్నీ ప్రాణం లేనివి. వాటి మధ్య జోరీగ ఒక్కటే రొద పెడుతుంది. పద్యం అందమంతా అక్కడే ఉంది.

— మాస్టారూ, అవి ఒక రకం ఈగలు కావు. నేను కీటకశాస్త్రం చదివాను. జోరీగ పశువుల నెత్తురు తాగే టబానిడే కుటుంబం. నుసుముది క్లోరోపిడే కుటుంబం, అందులో ప్రజాతి సైఫంక్యులైనా. 1856లో రొండాని అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. మన కళ్ళ చుట్టూ ముసిరే జాతి ఫ్యూనికోలా, అంటే తాడు మీద కాపురం ఉండేది. 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కుట్టదు. కన్నీళ్ళూ చీమూ జుర్రుకుంటూ కండ్లకలక అంటిస్తుంది. 1905లో ఈ జాతికి పేరు పెట్టిన శాస్త్రవేత్త ద మెయెరె దీన్ని వేరే ప్రజాతిలో పెట్టాడు. తర్వాత ఇటు మార్చారు కాబట్టే శాస్త్రీయ నామం పక్కన ఆయన పేరు ఇప్పుడు బ్రాకెట్లలో రాస్తారు.

— తాడు మీద కాపురం! ఎంత బాగా పెట్టాడు పేరు. మా కొట్టంలో దూలానికి వేలాడే తాడు సాయంత్రానికి నల్లగా లావెక్కేది. కదిపితే గుప్పున లేచేవి. మేం నుసమలు అంటాం.

— 'ము' నా, 'మ' నా? మా వైపు నుసుమే.

— ఇంకో సంగతి. జోరీగ చెవి రంధ్రంలో పట్టదు. 'చెవిలోని' అంటే చెవి దగ్గర రొద అనే కదా? అలాగైతే 'కంటిలోని నుసుము' కూడా కంటి దగ్గర ముసిరేదే.

— లేదమ్మా, కంట్లో పడింది తీసేదాకా ఊరుకోనివ్వదు. ఇంటిలోని పోరుకు అదే తగిన పోలిక. వేమన ఈగల్ని బాగా ఎరిగినవాడు. 'తేనెటీగ గూర్చి తెరువరి కియ్యదా' గుర్తుందా?

— తేనెటీగకు నాలుగు రెక్కలు మాస్టారూ, ఈగలకు రెండే. శాస్త్రంలో అది ఈగ కాదు.

— తెలుగులో ఈగే!

— బ్రౌన్ 1829లోనే వేమన పద్యాలు అచ్చువేశాడు, వ్రాతప్రతులు బోలెడు సేకరించాడు. వాటిలో ఈ పాదం ఎలా ఉందో చూసినవాళ్ళు చెప్పండి. అమ్మమ్మగారిది ఏ ఊరు?