దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ క్యాన్సర్‌ను పెంచుతుంటే, పైరాప్టోసిస్ దాన్ని ఎలా అడ్డుకుంటుంది?

ప్రశ్న:
దీర్ఘకాలిక హెపటైటిస్ (కాలేయంలో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు) వల్ల కాలేయ క్యాన్సర్ ముప్పు, ఏళ్ల తరబడి సాగే కోలైటిస్ (పెద్దపేగులో వాపు) వల్ల పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతాయని చదువుకున్నాను. కణితి కణాలు పైరాప్టోసిస్ ద్వారా, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను రేపుతూ చనిపోతే మేలని ఇటీవలి వ్యాసాలు చెబుతున్నాయి. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుంది?

జవాబు 1:
కణం ఎలా చనిపోయిందన్నదే ఇక్కడ కీలకం. అపాప్టోసిస్‌లో, అంటే కణం నిశ్శబ్దంగా తనను తాను ముగించుకునే పద్ధతిలో, కణం పొర చెదరకుండానే చిన్న ముక్కలవుతుంది, వాటిని మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) మింగేస్తాయి కాబట్టి రోగనిరోధక వ్యవస్థకు సాధారణంగా ఆ కబురే అందదు. పైరాప్టోసిస్‌లో మాత్రం గాస్‌డెర్మిన్ ప్రొటీన్ రెండుగా తెగి, అందులో ఒక భాగం కణపొరలో వలయాలుగా చేరి రంధ్రాలు చేస్తుంది. కణం ఉబ్బి చీలిపోగా ఏటీపీ, హెచ్‌ఎంజీబీ1 వంటి కణం లోపలి పదార్థాలు ప్రమాద సంకేతాలుగా బయటపడి, టి-కణాలకు శత్రువును చూపించే డెండ్రైటిక్ కణాలను మేల్కొలుపుతాయి.

క్యాన్సర్ కణాలను చంపే రోగనిరోధక కణాలైన కిల్లర్ టి-కణాలు, ఎన్‌కే కణాలు వదిలే గ్రాంజైమ్-బి అనే ఎంజైమ్ కూడా గాస్‌డెర్మిన్-ఇని (గాస్‌డెర్మిన్లలో ఒక రకం) నేరుగా కోస్తుందని, అదీ కాస్పేస్-3 అనే కణంలోని ఎంజైమ్ కోసే చోటునే, అంటే 270వ స్థానంలోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం దగ్గరే కోస్తుందని 2020లో తేలింది. అంటే టి-కణం చేసే దాడే పైరాప్టోసిస్‌ను రేపుతుంది, అది మరిన్ని టి-కణాలను రప్పిస్తుంది. అనేక క్యాన్సర్లలో గాస్‌డెర్మిన్-ఇ జన్యువు మిథైలేషన్ (డీఎన్‌ఏపై చేరి జన్యువును ఆపివేసే రసాయన గుర్తు) వల్ల మూగబోయి ఉండటం, అంటే కణితి దాన్ని వదిలించుకోవడం, నాకు అన్నిటికన్నా బలమైన ఆధారంగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అలాగైతే కణితిలో పైరాప్టోసిస్‌ను వీలైనంత ఎక్కువగా రేపితే సరిపోతుందా?

జవాబు 2:
సరిపోదు, అంత అవసరమూ లేదు. ఎలుకల్లో రొమ్ము కణితులపై 2020లో జరిగిన ప్రయోగంలో 15 శాతం కన్నా తక్కువ కణాలు ఇలా చనిపోయినా కణితి మొత్తం కరిగిపోయింది, కానీ టి-కణాలు లేని ఎలుకల్లో ఆ ఫలితం రాలేదు. కాబట్టి చంపే పనిలో ఎక్కువ భాగం టి-కణాలదే, పైరాప్టోసిస్ వాటిని పిలిచే సంకేతం మాత్రమే. ఆ సంకేతం కొద్దిసేపు, కణితికే పరిమితమై వెలువడితే మేలు. అదే ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే సంకేత ప్రొటీన్ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా నెలల తరబడి ఊరుతూ ఉంటే కణితిని పోషించే కొత్త రక్తనాళాలు పుడతాయి, టి-కణాలను అణచివేసే మైలాయిడ్ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పోగవుతాయి, కణితి ఇంకా పెరుగుతుంది. మీరు చెప్పిన హెపటైటిస్, కోలైటిస్ ఈ రెండో కోవలోకి వస్తాయి.

జవాబు 3:
చికిత్స దృష్ట్యా ఒక హెచ్చరిక కూడా అవసరం. రోగి టి-కణాలను క్యాన్సర్‌ను గుర్తించేలా మార్చి తిరిగి ఎక్కించే కార్-టి చికిత్సలో లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలు గాస్‌డెర్మిన్-ఇ ద్వారా ఒక్కసారిగా పగిలినప్పుడు, వాటినుంచి వెలువడే పదార్థాలు మాక్రోఫేజ్‌లను రెచ్చగొట్టి, ప్రాణాపాయం కలిగించగల సైటోకైన్ రిలీజ్ సిండ్రోమ్‌కు, అంటే ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు ఒళ్లంతా ఉప్పెనలా వెలువడే స్థితికి, దారితీస్తాయి. అందుకే ఈ ప్రక్రియను కణితి దాటి పోనీయకుండా ఆపగల పద్ధతులపై జరిగే పరిశోధనకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.