తెలుగు ఓసీఆర్ కోసం పేపర్‌లెస్‌కు సొంత ఇమేజ్ కట్టాలా, ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలా?

పాతకాగితం:
ఒంగోల్లో మా బాబాయి లాయరు. ఆయన ఆఫీసులో పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ (స్కాన్ చేసిన కాగితాలను దాచి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) పెడుతున్నాను. దస్తావేజులు, ఈసీలు, పట్టాదారు పాస్‌బుక్కులు, కోర్టు నోటీసులు స్కాన్ చేసి ఉంచితే, సర్వే నంబరో పార్టీ పేరో కొట్టగానే కాగితం బయటికి రావాలి. దాని డాకర్ ఇమేజ్‌లో (ప్రోగ్రామునూ దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన మూట) ఓసీఆర్‌కు, అంటే స్కాన్ బొమ్మలోని అక్షరాలు చదవడానికి, ఇంగ్లిష్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచ్ భాషలకు కావలసినవి ముందే ఉన్నాయి, తెలుగు లేదు. సెట్టింగుల ఫైల్లో ఓసీఆర్ లాంగ్వేజెస్ అనే చోట తెలుగు కోడ్ రాస్తే, కంటెయినర్ (ఆ ఇమేజ్ నుంచి నడిచే ప్రోగ్రాము) లేచేటప్పుడు టెసరాక్ట్ (ఓసీఆర్ చేసే ఇంజిన్) తెలుగు ప్యాకేజీని అదే దించుకుంటుంది. అలాగే వదిలేయొచ్చా, లేక డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైలు) రాసి సొంత ఇమేజ్ కట్టుకోవాలా? నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఆఫీసుకు నెలకోసారి కూడా వెళ్లలేను. అదే నా టెన్షన్.

నల్లమల:
సొంత ఇమేజ్ వద్దు తమ్ముడూ. పేపర్‌లెస్ తయారుచేసేవాళ్లు ఈ అవసరం ముందే ఊహించి ఆ సెట్టింగ్ ఇచ్చారు. దాన్ని పక్కనపెట్టి మనమే ఇమేజ్ కడితే, ఆరోజు నుంచి ప్రతి కొత్త వెర్షన్‌కూ మళ్లీ కట్టాల్సింది మనమే. అక్కడ భద్రతా లోపం సరిచేసి కొత్త ఇమేజ్ వదిలినా, నువ్వు కూర్చుని కట్టేదాకా బాబాయి ఆఫీసులో పాతదే నడుస్తుంది. ఆటోమేటిక్‌గా అప్‌డేట్ చేసే వాచ్‌టవర్ లాంటివి రిజిస్ట్రీలో (ఇమేజ్‌లు ఉంచే ఆన్‌లైన్ గిడ్డంగి) ఉన్న ఇమేజ్‌నే చూస్తాయి, నీ మెషీన్లో కట్టుకున్నదాన్ని పట్టించుకోవు. తెలుగు ప్యాకేజీ కొన్ని ఎంబీలే. దానికోసం ఇంత బరువు ఎందుకు?

ఇంకేదైనా చేయాల్సి వస్తే కస్టమ్-కాంట్-ఇనిట్.డీ అనే ఫోల్డర్ ఉంది. అందులో స్క్రిప్ట్ పెట్టి మౌంట్ చేస్తే (కంటెయినర్‌కు జతచేస్తే) సర్వర్ లేవకముందే రూట్‌గా, అంటే పూర్తి అధికారాలతో నడుస్తుంది. ఇమేజ్ జోలికే వెళ్లక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్:
నల్లమల అన్నా, మీరు చెప్పిన ఖర్చు నిజమే. కానీ పాతకాగితం గారు అడిగింది తను లేనప్పుడు ఏమవుతుందని.

లేచేటప్పుడు దించుకున్న ప్యాకేజీ ఆ కంటెయినర్ పైపొరలో ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే పోదు, కంటెయినర్‌ను తీసేసి మళ్లీ సృష్టిస్తే పోతుంది. సెట్టింగుల ఫైల్లో ఒక్క విలువ మార్చి కంపోజ్ అప్ (కంటెయినర్లను లేపే ఆదేశం) కొట్టినా డాకర్ కొత్త కంటెయినర్ సృష్టిస్తుంది. అంటే మళ్లీ డెబియన్ (ఇమేజ్ అడుగున ఉన్న లినక్స్) సర్వర్ దాకా వెళ్లి తెలుగు తెచ్చుకోవాలి. ఆ సమయానికి నెట్ లేకపోతే తెలుగు లేదని లోపం చూపించి ఓసీఆర్ ఆగుతుంది. బాబాయి గారికి కనిపించేది మాత్రం పొద్దున స్కాన్ చేసిన కాగితం వెతికితే దొరకకపోవడమే.

డిస్కు పోయి, రెండు మూడేళ్ల కిందటి వెర్షన్‌తోనే వేరే మెషీన్ మీద నిలబెట్టాల్సి వచ్చిందనుకోండి. డెబియన్ పాత విడుదలలను కొంతకాలం తర్వాత ఆర్కైవ్ సర్వర్‌కు తరలిస్తుంది. పాత ఇమేజ్ మాత్రం పాత చిరునామాకే వెళ్లి అడుగుతుంది, అక్కడ ఏమీ ఉండదు. బ్యాకప్ పదిలంగా ఉన్నా తెలుగు రాదు. ఇమేజ్‌లోనే ఉంటే ఈ బాధ లేదు.

ఇమేజ్ కట్టడం అంటే మొత్తం అప్లికేషన్ మనం కట్టడం కాదు. మొదటి లైన్లో అధికారిక ఇమేజ్, వెర్షన్ నంబరుతో సహా. రెండో లైన్లో ఆప్ట్-గెట్ (డెబియన్ ప్యాకేజీలు తెచ్చే ఆదేశం) అప్‌డేట్, తెలుగు ప్యాకేజీ ఇన్‌స్టాల్, ఆప్ట్ జాబితాల తుడిచివేత, మూడూ ఒకే రన్ ఆదేశంలో. విడివిడిగా రాస్తే రెండు నష్టాలు: తర్వాతి పొరలో తుడిచినా కింది పొర సైజు తగ్గదు, అప్‌డేట్ పొర క్యాష్‌లో ఉండిపోయి, పాత జాబితా పట్టుకుని లేని ప్యాకేజీ కోసం వెతుకుతుంది.

మూడో లైన్ అందరూ వదిలేస్తారు, నాకు అదే ముఖ్యం. టెసరాక్ట్‌ను తన దగ్గరున్న భాషల జాబితా చూపించమని అడిగి, అందులో తెలుగు కోడ్ ఉందో లేదో గ్రెప్‌తో (మాట వెతికే ఆదేశం) చూడాలి. లేకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. తప్పు ఒంగోలు దాకా వెళ్లకుండా మీ ల్యాప్‌టాప్‌లోనే బయటపడుతుంది.

ఎర్రమట్టి:
ఆ మూడో లైన్‌కు నా ఓటు. డెబియన్ 11లో టెసరాక్ట్ భాషా ఫైళ్లు 4.00 అనే ఫోల్డర్ కింద ఉండేవి, డెబియన్ 12లో 5 అనే ఫోల్డర్‌కు మారాయి. కొందరు ప్యాకేజీ బదులు టెసరాక్ట్‌వాళ్ల బెస్ట్ రకం తెలుగు ఫైల్ దించుకుని పెడతారు, అది నెమ్మదిగా నడిచినా పర్లేదనుకుంటే. ఆ దారిని డాకర్‌ఫైల్లో రాసేసి ఉంటే, కింద డెబియన్ మారిన రోజు ఫైల్ పాత ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. కాపీ ఆదేశం లేని ఫోల్డర్‌ను కూడా సృష్టించి మరీ పెడుతుంది కాబట్టి ఎక్కడా ఎర్రర్ రాదు. భాషల జాబితా అడిగితేనే తెలుస్తుంది. నల్లమల గారు చెప్పిన మౌంట్ పద్ధతిలోనూ ఇదే ప్రమాదం, అక్కడ ఆపేందుకు బిల్డ్ అనే మెట్టే లేదు.

నల్లమల:
ఆర్కైవ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ రాత్రిషిఫ్ట్, వెర్షన్ నంబరు కట్టేసి పెట్టమంటున్నావు. కట్టేసినవాళ్లలో ఎంతమంది మళ్లీ విప్పి చూస్తారు? ఆ సర్వర్లో జనం భూముల కాగితాలున్నాయి. పాత వెర్షన్ ఏళ్లతరబడి నడవడం తెలుగు రాకపోవడం కన్నా పెద్ద ప్రమాదం. లాయరు ఆఫీసు నుంచి ఆ కాగితాలు బయటికి పోతే ఎవరు జవాబుదారీ?

రాత్రిషిఫ్ట్:
పెద్ద ప్రమాదమే, కాదనను. పాతకాగితం గారూ, అందుకే సర్వర్‌ను బయటి నెట్‌కు తెరవకుండా ఆఫీసు లోపలే ఉంచి, మీరు వైర్‌గార్డ్ (వీపీఎన్) మీద వెళ్లండి. నెలకో తేదీ పెట్టుకుని కొత్త విడుదల చూసి నంబరు మార్చండి, పుల్ ఆప్షన్‌తో (అధికారిక ఇమేజ్‌ను తాజాగా తెచ్చుకునేలా) బిల్డ్ చేయండి. ఇది మాత్రం మనిషి చేయాల్సిన పనే. నెలనెలా చేయలేననుకుంటే నల్లమల అన్న దారే మీకు మంచిది, ఆ మాట దాచను. కానీ అలా వదిలేసినా లేటెస్ట్ ట్యాగ్ (వెర్షన్ నంబరు బదులు కొత్తదాన్నే తెమ్మనే గుర్తు) పెట్టి, మనిషి చూడకుండా అప్‌డేట్ అయ్యేలా చేయకండి. కొత్త వెర్షన్ డేటాబేస్‌ను మార్చేశాక పాతదానికి వెనక్కి రావడం తేలిక కాదు. ప్రతి అప్‌డేట్‌కు ముందు పేపర్‌లెస్‌లోని డాక్యుమెంట్ ఎక్స్‌పోర్టర్ నడిపి ఒక కాపీ పక్కన పెట్టుకోవాలి.

దస్తావేజు:
మాది రాతకోతల పనే, అందుకని ఒక మాట. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కార్డ్ పథకం కింద కంప్యూటర్లు రాకముందు కాగితాలు ఎక్కువగా చేతిరాతే. ఆ గొలుసుకట్టు రాతను టెసరాక్ట్ చదవలేదు, ఏ ఇమేజ్ కట్టినా అంతే. వాటికి సర్వే నంబరు, గ్రామం, పార్టీల పేర్లు చేత్తో ట్యాగులుగా కొట్టించండి. అచ్చు కాగితాలను 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయండి.

పాతకాగితం:
ధన్యవాదాలండీ. ఇంకో చిక్కు: బాబాయి దగ్గర అను ఫాంట్లలో టైపు చేసిన పాత వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు బోలెడున్నాయి. ఆ ఫాంట్లు కూడా ఇమేజ్‌లో వేసేయాలా? సర్వర్ రాస్ప్‌బెరీ పై (ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్), నేను బిల్డ్ చేసేది ఇంటెల్ ల్యాప్‌టాప్ మీద.

ఎర్రమట్టి:
పీడీఎఫ్‌లకు ఫాంట్ అక్కర్లేదు, మామూలుగా అందులోనే ఉంటుంది. చిక్కు వేరే. అవి యూనికోడ్ కావు కాబట్టి కంటికి తెలుగు కనిపించినా లోపలి టెక్స్ట్ పిచ్చి అక్షరాలు. పేపర్‌లెస్ మామూలుగా టెక్స్ట్ ఉన్న పేజీని వదిలేసి ఆ పిచ్చి అక్షరాలనే భద్రపరుస్తుంది. వీటివరకు ఓసీఆర్ మోడ్‌ను ఫోర్స్‌కు మార్చండి, పేజీని బొమ్మగా చేసి కొత్తగా చదువుతుంది.

వర్డ్ ఫైళ్లను పీడీఎఫ్‌గా మార్చేది గోటెన్‌బర్గ్ కంటెయినర్. ఫాంట్ కావలసింది అక్కడే, పేపర్‌లెస్ ఇమేజ్‌లో కాదు. గోటెన్‌బర్గ్ మీద చిన్న డాకర్‌ఫైల్ రాసి, రూట్‌కు మారి, లోకల్ షేర్ ఫాంట్ల ఫోల్డర్లోకి కాపీ చేసి, మళ్లీ గోటెన్‌బర్గ్ యూజర్‌కు తిరిగి రండి. అవి కొన్న ఫాంట్లయితే ఆ ఇమేజ్‌ను పబ్లిక్ రిజిస్ట్రీలోకి తోయకండి, లైసెన్స్ ఒప్పుకోదు. పేపర్‌లెస్ సీక్రెట్ కీ కూడా డాకర్‌ఫైల్లో రాయొద్దు, ఇమేజ్ హిస్టరీ చూసినవాళ్లకు కనబడుతుంది.

రాత్రిషిఫ్ట్:
రాస్ప్‌బెరీ పై సంగతి ముందే చెప్పడం మంచిదైంది. ప్రాసెసర్ రకం వేరు కాబట్టి ఇంటెల్ మీద మామూలుగా కట్టిన ఇమేజ్ అక్కడ లేవదు, ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్ వస్తుంది. బిల్డ్‌ఎక్స్‌కు (డాకర్ బిల్డ్ పరికరం) ప్లాట్‌ఫామ్ లినక్స్ ఆర్మ్64 అని చెప్పి కట్టండి. క్యూఈఎంయూ (వేరే ప్రాసెసర్‌ను అనుకరించే ప్రోగ్రాము) మీద నడుస్తుంది కాబట్టి నిదానం, కానీ మీ ఇమేజ్‌లో ఉన్నది ఒక్క ప్యాకేజీయే. అయ్యాక డాకర్ సేవ్‌తో ఫైలుగా తీసి పెన్‌డ్రైవ్‌లో పంపితే, ఆఫీసులో లోడ్ కొడితే చాలు. ఆ పెన్‌డ్రైవ్ అక్కడే బీరువాలో ఉంచమనండి, మెషీన్ మార్చాల్సి వస్తే తెలుగుతో సహా అందులోంచే లేపొచ్చు.

నల్లమల:
పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఏ తేదీ ఇమేజో పైన రాసి అతికించమను. నా అభిప్రాయం మారలేదు, నెలనెలా చూసే మనిషి ఉంటేనే ఇది. బాబాయి దగ్గర జూనియర్లు ఉంటారుగా, ఒకరికి ఆ పని నేర్పించు.