ధమనాత్… సరణాత్… ఆ చివరి మాట సిరా, శిరా?

వేపచెట్టునీడ: మా తాతయ్య నాడి చూసేవారు. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని ఒక సంస్కృతం ముక్క గొణిగేవారు. 'ధమనాద్ధమన్యః… ఏదో… సరణాత్ శిరాః'. మధ్య ముక్క ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. నిన్న మా అమ్మాయి పదో తరగతి జీవశాస్త్రం పైకి చదువుతూ 'సిర' అంది. 'శిర అనాలే' అని దిద్దబోతే పుస్తకం చూపించి నోరు మూయించింది. పైగా 'సిరా అంటే ఇంకు కదా నాన్నా' అని ఒకటి. మధ్య ముక్క ఏమిటి? చివరిది సకారమా, శకారమా?

శకటరేఫం: మధ్యది 'స్రవణాత్ స్రోతాంసి'. చరక సంహిత, సూత్రస్థానం, ముప్పయ్యో అధ్యాయం. మొదటి మాట కూడా మీరు తప్పు రాశారు. 'ధమనాత్' కాదు, 'ధ్మానాత్'. అనుష్టుప్పు ఛందస్సు కదా, పాదానికి ఎనిమిది అక్షరాలు. ధ్మా-నా-ద్ధ-మ-న్యః-స్ర-వ-ణాత్. మీది పెడితే తొమ్మిదవుతాయి.

వేపచెట్టునీడ: తాతయ్యకు పళ్లు లేవండి. ఆ 'ధ్మా' ఆయన నోట్లో 'ధమ' అయ్యుంటుంది.

అరసున్న: జతలు చూస్తే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ధ్మానం–ధమని, స్రవణం–స్రోతస్సు, సరణం–సిర. ప్రతి జతలోనూ మొదటి హల్లు ఒకటే. శకారం పెట్టారా, మూడో జత కుంటుతుంది. 'సృ' ధాతువు, సాగడం. ఋగ్వేదంలోనే సిర అంటే ప్రవాహం. శకారం శిరస్సుతో పడ్డ గందరగోళం, అంతే.

శకటరేఫం: అంత తేలిగ్గా తీసెయ్యకండి. అమరకోశం తెరవండి. 'నాడీ తు ధమనిః శిరా'. మా ఇంట్లో ఉన్న అచ్చులో తాలవ్యమే, అంటే శకారమే.

అరసున్న: మా ప్రతిలో దంత్యమే, సకారమే ఉంది మరి. అచ్చు కూర్చినవాడి చలవ. ఆ పాదంలో నాకు నచ్చేది వేరే. అమరుడికి నాడి, ధమని, సిర మూడూ ఒకటే. గుండె నుంచి పోయేది ధమని, గుండెకు వచ్చేది సిర అన్న పంపకం మన పాఠ్యపుస్తకాల వాళ్లు చేసింది.

శకటరేఫం: ఆయుర్వేదంలో సుశ్రుతుడు విడదీశాడండీ. సిరలు 700, ధమనులు 24. ఆయన సంహిత శారీరస్థానంలో దేని అధ్యాయం దానిదే.

డాక్టరమ్మ: విడదీశాడు మాష్టారూ, కానీ రెండూ నాభి నుంచే పుట్టాయన్నాడు. ఒకటి తీసుకెళ్లేది, ఇంకోటి వెనక్కి తెచ్చేది అన్న పంపకం అక్కడ లేదు. నన్ను పట్టేది ఆ 'ధ్మా'. ఊదడం. గీతలో 'పౌండ్రం దధ్మౌ మహాశంఖం' అని భీముడు శంఖం ఊదేచోట ఉన్నది అదే ధాతువు. గ్రీకులూ ధమనిలో గాలే ఉంటుందనుకున్నారు. శవాన్ని కోస్తే రక్తమంతా సిరల్లో, ధమనులు ఖాళీ. ఎవరైనా అలాగే అనుకుంటారు. తరవాత గ్రీకు వైద్యుడు గాలెన్ బతికున్న జంతువు ధమనిని రెండు చోట్ల కట్టి మధ్యలో కోసి చూపించాడు. అందులో ఉన్నదీ నెత్తురే.

అరసున్న: కొలిమితిత్తి కూడా ధ్మానమే. ఉబ్బుతుంది, అణుగుతుంది. గాలి ఉందని కాదు, వేలి కింద కొట్టుకుంటుంది కాబట్టి ధమని అన్నాడని నా సిద్ధాంతం.

శకటరేఫం: మీ సిద్ధాంతాలకు ఒక సంపుటం వేయాలి.

డాక్టరమ్మ: తిరిగి రావడం సంగతి తేల్చింది 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే. ఎక్కాలతో తేల్చాడు! ఇప్పటి అంకెలతో చెబుతాను. గుండె ఒక్క దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు తోస్తుంది. నిమిషానికి 72 దెబ్బలు, అంటే ఐదు లీటర్లు. ఒంట్లో ఉన్న మొత్తం రక్తమూ దాదాపు అంతే. గంటకు 300 లీటర్లు మనం తిన్న అన్నంలోంచి ఊరుతుందా? ఉన్నదే తిరగాలి. హార్వే ఇంకా చాలా తక్కువ అంకెలు వేసుకున్నాడు, అయినా లెక్క పొంగిపోయింది. ముంజేతి మీద తేలిన సిరను చేతివైపు ఒక వేలితో నొక్కి, రెండో వేలితో అందులో రక్తాన్ని మోచేతివైపు తోసి వదలండి. ఆ ముక్క చదునుగానే ఉండిపోతుంది. లోపల కవాటాలు వెనక్కి రానివ్వవు. కింది వేలు తీయండి, చటుక్కున నిండుతుంది.

అరసున్న: చూశాను, నిండింది. అయితే 'రక్తప్రసరణ' అన్న మాటే పొరపాటు. ప్ర, సరణ. ముందుకు సాగడం. చుట్టి రావడం అందులో ఎక్కడుంది? హిందీవాళ్లు పరిసంచరణ అంటారు, తమిళంలో 'కురుది చుళర్చి', సుడి ఉంది. మనం 'పరిసరణ' అనాల్సింది.

శకటరేఫం: 'పరిసరణ' అంటే 'పరిసరాలు శుభ్రంగా ఉంచండి' అన్న మునిసిపాలిటీ బోర్డు గుర్తొస్తుంది. వదిలేయండి.

గోదారిగట్టు: ఆలస్యంగా వచ్చాను. సుశ్రుతుడే చెప్పాడుగా, 'కేదార ఇవ కుల్యాభిః'. కాలువలు చేను తడిపినట్టు సిరలు ఒళ్లు తడుపుతాయి. మా డెల్టాలో చేనుకి ఒక పక్క పంటబోదె, ఇంకో పక్క మురుగుకాలువ. అదీ ధమని, ఇదీ సిర. అన్నట్టు 'కాలువ' వచ్చింది ఈ 'కుల్య' నుంచే.

డాక్టరమ్మ: మీ మురుగు సముద్రంలో కలుస్తుందండీ. సిరల్లోది గుండె కుడివైపుకు చేరి, ఊపిరితిత్తులకు వెళ్లి, ఎడమవైపుకు వచ్చి మళ్లీ బయల్దేరుతుంది. మంచినీళ్లు, మురుగు అని పంచితే పుపుస ధమని దగ్గర దొరికిపోతారు. పేరుకు ధమని, మోసేది ఆక్సిజన్ తగ్గిన రక్తం. చేను మాత్రం మంచి పోలిక. బోదెకూ మురుగుకూ మధ్య చేను ఉన్నట్టు, ధమనికీ సిరకూ మధ్య కేశనాళికలు, వెంట్రుకల్లాంటి సన్నని గొట్టాలు. హార్వే వాటిని చూడలేకపోయాడు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగి సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తుల్లో చూశాడు.

శకటరేఫం: కుల్య నుంచి కాలువా? తమిళంలో 'కాల్వాయ్' ఉండగా సంస్కృతం దగ్గర అప్పెందుకు?

గోదారిగట్టు: మా నీళ్లు, మా మాట. ఎవరి దగ్గరా అప్పు లేదు, సరేనా.

ఒత్తులబడి: ఇంత పాండిత్యమూ పోయినేడు సెలైన్ ఎక్కించుకున్నప్పుడు నాకు పనికిరాలేదు. నర్సమ్మ రబ్బరు పట్టీ కట్టి, చేతి వెనక రెండు వేళ్లతో టపటపా తట్టి, 'నరం దాక్కుందండీ, పిడికిలి బిగించండి' అంది. 'అది నరం కాదమ్మా, సిర' అన్నాను. ఆమె ఓసారి నా మొహం చూసి, రెండో చేయి ఇమ్మంది.

అరసున్న: నరమే నయం. తమిళ 'నరంబు' నాడీ అవుతుంది, రక్తనాళమూ అవుతుంది, వీణ తీగ కూడా. సుశ్రుతుడు సిరలకు నాభి మూలమన్నాడా, మన త్యాగయ్య స్వరాలకు అక్కడే మొదలు పెట్టాడు. 'నాభి హృత్ కంఠ రసన'. నాభి తరవాత వెంటనే హృత్తు. జగన్మోహిని రాగంలో ఆ 'హృత్' దగ్గర ఆగి చూడండి.

శకటరేఫం: ధ్మానం కావాలంటే త్యాగయ్యదే, సారమతి రాగంలో 'మోక్షము గలదా'కి వెళ్లాలి. 'ప్రాణానల సంయోగము'. గాలీ నిప్పూ. మీ కొలిమితిత్తి అక్కడుంది.

అరసున్న: ఆహా. ఇందాక సంపుటం అన్నారు, దానికి మీరే పీఠిక రాయాలి.

గోదారిగట్టు: సారమతి ఎవరి నోట వింటే బాగుంటుంది?

వేపచెట్టునీడ: అయ్యా, నా శకారం! అటక మీంచి తాతయ్య నోటుపుస్తకం దింపాను. పదిహేనో పేజీలో 'సిర', పదహారులో 'శిర'. రెండూ ఆయన దస్తూరీయే.

శకటరేఫం: పదిహేడు చూడండి.