తీర్పుల్లో వచ్చే ‘అడ్యూస్’ (adduce): తెలుగులో ఏం రాయాలి?

అనువాద_బల్ల: ‘నో ఎవిడెన్స్ వాజ్ అడ్యూస్డ్ బై ది డిఫెండెంట్’. దీన్ని ‘ప్రతివాది రుజువు చేయలేదు’ అని రాయొచ్చా?

సివిల్_సైడ్: వద్దండీ, అర్థం మారిపోతుంది. సాక్ష్యం చెప్పించినా జడ్జిగారు నమ్మకపోతే అది రుజువు కాకపోవడం. ఇక్కడ అసలు సాక్ష్యమే పెట్టలేదు. ‘ప్రతివాది తరఫున సాక్ష్యం ఏదీ ప్రవేశపెట్టలేదు’ అంటే సరిపోతుంది.

ప్రామిసరీ నోటు దావానే తీసుకోండి. సంతకం ఫోర్జరీ అని ప్రతివాది రిటన్ స్టేట్‌మెంట్‌లో (దావాకు రాతపూర్వక జవాబులో) గట్టిగానే రాసుకుంటాడు, బోను మాత్రం ఎక్కడు. రాసుకున్నది ప్లీడింగే (తన వాదాన్ని కాగితం మీద పెట్టడమే), సాక్ష్యం కాదు. వాది చీఫ్ అఫిడవిట్ (తన సాక్ష్యాన్ని ప్రమాణపత్రంగా) వేసి, పీడబ్ల్యూ-1గా (వాది తరఫు మొదటి సాక్షిగా) బోనెక్కి, నోటును ఎ-1గా మార్క్ చేయించి (అంటే కోర్టు రికార్డులో నంబరు వేయించి), సాక్షి సంతకం పెట్టినవాణ్ని పీడబ్ల్యూ-2గా విచారించాడనుకోండి. సంతకం రుజువైతే చాలు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 కింద ప్రతిఫలం ముట్టినట్టే కోర్టు భావిస్తుంది. కాదని చూపాల్సింది ఇక ప్రతివాదే.

పాత_గుమస్తా: ప్రవేశపెట్టిందల్లా చెల్లదు కూడా. ప్రో నోటుకు రెవెన్యూ స్టాంపు లేకపోతే, స్టాంపు చట్టం సెక్షన్ 35 ప్రకారం పెనాల్టీ కట్టినా సాక్ష్యంగా తీసుకోరు. మామూలు అగ్రిమెంటుకు ఉండే ఆ వెసులుబాటు నోటుకు లేదు. అభ్యంతరం మార్క్ చేసేటప్పుడే చెప్పాలి. ఒకసారి సాక్ష్యంలోకి తీసుకున్నాక స్టాంపు లోపం ఎత్తిచూపడానికి సెక్షన్ 36 అడ్డొస్తుంది.

వ్యాకరణం_గోల: ఇంగ్లీషులో రాసేవాళ్లు తప్పేది కర్మ దగ్గర. అడ్యూస్ చేసేది సాక్ష్యాన్ని, కారణాల్ని, వాదనల్ని. పత్రాన్నయితే ‘ప్రొడ్యూస్’, సాక్షినయితే ‘ఎగ్జామిన్’, పాత తీర్పునయితే ‘సైట్’ అంటేనే సహజం. ‘హి అడ్యూస్డ్ దట్...’ అని మొదలుపెట్టే డ్రాఫ్టులు చాలానే కనిపిస్తాయి. అక్కడ కావాల్సింది ‘కంటెండెడ్’ (వాదించాడు). ‘డెడ్యూస్’ పూర్తిగా వేరు: ఉన్న ఆధారాల నుంచి నిర్ధారణ లాగడం. నామవాచకం కావాలంటే ‘అడ్యూసింగ్ ఆఫ్ ఎవిడెన్స్’ అనండి. ‘అడక్షన్’ అంటే (చేయో కాలో శరీరం వైపు లాగే కదలిక) ఆర్థోపెడిక్ డాక్టరు గుర్తొస్తాడు!

క్రిమినల్_సైడ్: సెషన్స్ కేసుల్లోనూ ఇదే మాట. పాత సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 233, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 256. ముద్దాయి తన సాక్ష్యం ఏదైనా ఉంటే ప్రవేశపెట్టుకోవచ్చు. అది అవకాశమే. నేరం రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్‌దే. అందుకని డిఫెన్స్ సాక్ష్యం లేదన్న వాక్యాన్ని తెలుగులో తప్పు పడుతున్నట్టు రాయకండి.

సివిల్_సైడ్: ప్రవేశపెట్టే సాక్ష్యం వాట్సాప్ ప్రింటవుట్లయితే, వాటికి భారతీయ సాక్ష్య అధినియం (ఇప్పటి సాక్ష్య చట్టం) సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జత చేయాలి. పార్ట్ ఎ పార్టీది, పార్ట్ బి నిపుణుడిది. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని సరిచూసే డిజిటల్ కోడ్) రెండింట్లోనూ రాయాలి.

అనువాద_బల్ల: మరి ‘రీజన్స్ అడ్యూస్డ్’ వస్తే?

వ్యాకరణం_గోల: ‘చూపిన కారణాలు’. అక్కడ ‘ప్రవేశపెట్టిన’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.