కొండ దిగి నేరుగా బ్రూవరీకి వెళ్తే ఏ బీరు మంచిది?

వచ్చే ఆదివారం నలుగురం ట్రెక్కింగ్ ముగించుకుని, దారిలో ఉన్న క్రాఫ్ట్ బ్రూవరీలో (చిన్న మోతాదులో సొంతంగా బీరు తయారుచేసే చోటు) ఆగుదామనుకుంటున్నాం. పోయినసారి ఇలాగే వెళ్లి, దాహంగా ఉందని నీళ్లు కూడా తాగకుండా ఐపీఏ అనే చేదు బీరు అందుకున్నాను. 7 శాతం ఆల్కహాల్! పైగా ఖాళీ కడుపు. సగం గ్లాసుకే తల తిరిగింది, సాయంత్రమంతా తలనొప్పి. (మావాళ్లు ఇప్పటికీ నవ్వుతున్నారు.)

ఈసారి ముందు నీళ్లు, ఉప్పగా ఏదైనా తిండి, ఆ తర్వాతే బీరు. 5 శాతం దాటని గోధుమ బీరో, లేత రంగు తేలికపాటి పిల్స్‌నరో అయితే నయమా? చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు ఇచ్చే ఫ్లైట్ తీసుకుంటే, రుచి చూస్తూ చూస్తూ ఎక్కువే తాగేస్తామేమో అని అనుమానం. బండి నడిపేవాడు అసలు ముట్టడు, అతనికి తాగడానికి ఏం ఆర్డర్ చెప్పొచ్చు? అన్నట్టు, బురద బూట్లతో లోపలికి వెళ్తే ఏమైనా అంటారా?